వైవా ముందు దడ, అరచేతిలో శక్తి

పరీక్ష గది బయట నిలబడినంతసేపూ పాఠం నోటికి వస్తూనే ఉంటుంది. లోపలికి పిలిచి, చేతిలో ఎముక పెట్టి "ఇదేంటి, ఏ వైపుది?" అనగానే ఒక్క ముక్క రాదు. నాలుక పిడచకట్టుకుపోతుంది. అరచేతులు తడుస్తాయి. తన గుండె చప్పుడు తన చెవులకే వినిపిస్తుంది. ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడు అనాటమీ వైవాలో కూర్చున్న కుర్రాడికైనా, మొదటిసారి రోగి చేతికి కాన్యులా పెట్టబోతున్న బీఎస్సీ నర్సింగ్ అమ్మాయికైనా శరీరం చేసేది ఇదే. మెదడులో అమిగ్డలా అనే భాగం ఎదురుగా ఉన్నదాన్ని ప్రమాదమని లెక్కవేస్తుంది. హైపోథాలమస్ నుంచి నరాల దారిన కబురు వెళ్తుంది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ కూడా పెరుగుతుంది. పులి ఎదురైనప్పుడు పారిపోవడానికి పనికొచ్చే ఏర్పాటు ఇది. ఎగ్జామినరు ఎదుట కూర్చున్నప్పుడు పారిపోయే దారి లేదు కనుక ఆ వేగమంతా లోపలే తిరుగుతుంది.

ఒకప్పుడు సిక్కోలు, విజయనగరం పిల్లలు డాక్టరు చదవాలంటే దగ్గరలో ఉన్నది విశాఖపట్నంలో 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలే. ఇప్పుడు శ్రీకాకుళంలో 2008లో వచ్చిన రిమ్స్ ఉంది, రాగోలులో గ్రేట్ ఈస్టర్న్ మెడికల్ స్కూల్ ఉంది, నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. 2023 సెప్టెంబరు 15న విజయనగరంలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వీటితో పాటు నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు. చదువు ఇంటి దగ్గరికి వచ్చింది. దాని వెంట బరువు కూడా వచ్చింది. ఇక్కడ చేరే పిల్లల్లో చాలామంది ఇంటికి మొదటి డాక్టరు, ఊరికి మొదటి నర్సు. కొందరి తండ్రులు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో భవనాల పనిలో ఉంటారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి నెలల్లో అనాటమీ కంటే ముందు ఇంగ్లీషుతో తలపడాల్సి వస్తుంది. "ఏటైపోతాదో" అన్న బెంగ వీళ్ల విషయంలో ఒక్క పరీక్షతో తీరేది కాదు.

దేశమంతటా పరిస్థితి ఎలా ఉందో జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో లెక్కలతో చెప్పింది. ఆన్‌లైన్ సర్వేకు 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, 5,337 మంది పీజీలు జవాబులిచ్చారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు ఎం.బి.బి.ఎస్. వాళ్లలో 27.8 శాతం మంది చెప్పారు. సొంత ఇష్టంతో జవాబిచ్చినవాళ్ల లెక్క ఇది, కనుక విద్యార్థిలోకం మొత్తానికి దీన్ని అచ్చంగా అతికించకూడదు. కానీ అంతమంది కూర్చుని ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు రాశారంటే, అడిగేవాళ్ల కోసం ఎంతగా ఎదురుచూస్తున్నారో తెలుస్తుంది.

ఈ గాబరాకు విరుగుడుగా కొన్నేళ్లుగా హాస్టలు గదుల్లోకి, ఫోన్లలోకి వస్తున్నవి శక్తి చికిత్సలు. రేకీ, ప్రాణిక్ హీలింగ్, థెరప్యూటిక్ టచ్, ముఖం మీద వేళ్లతో తట్టుకునే ట్యాపింగ్. పేర్లు వేరైనా అన్నిటి వెనకా ఒకటే మాట ఉంది: శరీరం చుట్టూ, లోపలా ఒక సూక్ష్మశక్తి ప్రవహిస్తుంటుంది, అది చెదిరితే మనసు చెదురుతుంది, చేతులతో దాన్ని సర్దవచ్చు.

వీటి పుట్టుక చూస్తే మనకు అంత పరాయివి కావు. రేకీ జపాన్‌లో 1922 ప్రాంతంలో మికావో ఉసుయి మొదలుపెట్టినది. హవాయో తకాతా అనే ఆవిడ దాన్ని హవాయికి, అక్కడినుంచి అమెరికాకు చేర్చింది. ప్రాణిక్ హీలింగ్‌ను ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సుయి 1980లలో ప్రచారంలోకి తెచ్చారు. థెరప్యూటిక్ టచ్ కథ మాత్రం నర్సులకు నేరుగా సంబంధించినది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ప్రొఫెసరు డొలోరెస్ క్రీగర్, ఆమెతో కలిసి డోరా కుంజ్, 1970ల మొదట్లో దీన్ని రూపొందించారు. కుంజ్ తరువాతి కాలంలో దివ్యజ్ఞాన సమాజం అమెరికా శాఖకు అధ్యక్షురాలయ్యారు. ఆ సమాజం 1882లోనే మద్రాసు అడయారుకు మకాం మార్చి మన యోగశాస్త్రపు మాటలను పడమటికి మోసుకెళ్లింది. క్రీగర్ తన పద్ధతిని వివరించడానికి మొదట వాడుకున్నది కూడా మన ప్రాణం అన్న భావననే. అలా ఇక్కడినుంచి వెళ్లిన ఆలోచన అమెరికా నర్సింగ్ కళాశాలల్లో చేరి, ఒక పద్ధతిగా, పాఠంగా, ధ్రువపత్రంగా మారి మళ్లీ మన ఊళ్లకు వచ్చింది.

పేరులో టచ్ ఉంది గానీ థెరప్యూటిక్ టచ్‌లో సాధారణంగా చెయ్యి ఒంటికి తగలదు. చర్మానికి కొన్ని అంగుళాల దూరంలో చేతులు తల నుంచి పాదాల దాకా ఆడిస్తారు, చివర విదిలిస్తారు. ఇది చదువుతుంటే మన ఇళ్లలో దిష్టి తీయడం కళ్లముందు కదలకుండా ఎలా ఉంటుంది? ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని నాయనమ్మ పిల్లాడి చుట్టూ ముమ్మారు తిప్పి నిప్పుల్లో వేస్తుంది. రెండింటిలోనూ చూడండి: ఇష్టమైన మనిషి, కొద్ది నిమిషాల పూర్తి ధ్యాస, నెమ్మదిగా కదిలే చేతులు, ఇక తగ్గిపోతుందన్న హామీ. దిష్టి తీశాక ఏడుపు మానిన పిల్లల్ని మనమందరం చూశాం. మానింది నిజం. ఎందుకు మానిందన్నది వేరే ప్రశ్న. శక్తి చికిత్సల గురించి సైన్సు ముఖ్యంగా పట్టించుకునేది ఈ రెండో ప్రశ్ననే. వైద్యం చదివే పిల్లలు కూడా దాన్నే పట్టుకోవాలని నా కోరిక. వాళ్లు రేపు రోగికి చెప్పబోయే ప్రతి మాటా దానిమీదే నిలబడుతుంది.

ముందుగా శక్తి సంగతి. శరీరంలో విద్యుత్తు ఉంది, అయస్కాంత క్షేత్రం కూడా ఉంది. ఈసీజీ తీసేటప్పుడు ఎలక్ట్రోడ్లు పట్టుకునేది ఆ విద్యుత్తునే. గుండె చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని 1963లోనే కొలిచారు. అది భూమి అయస్కాంత క్షేత్రం కంటే సుమారు పది లక్షల రెట్లు బలహీనం. దాన్ని స్పష్టంగా పట్టడానికి సాధారణంగా బయటి అలజడి సోకని గది, స్క్విడ్ అనే అతి సున్నిత పరికరం వాడతారు. రేకీ చేసేటప్పుడు అరచేతుల్లోంచి ఇలాంటి క్షేత్రం బలంగా వెలువడుతుందని చాలాకాలం చెప్పుకొచ్చారు. 2013లో అమెరికాలో ఆన్ బాల్డ్విన్ బృందం రేకీ సాధకులను స్క్విడ్ ముందు కూర్చోబెట్టి కొలిచింది. ఆ బృందంలో రేకీ గురువు కూడా ఒకరున్నారు. చేతుల్లోంచీ గుండెలోంచీ ప్రత్యేకమైన బలమైన క్షేత్రమేదీ కనబడలేదని వాళ్లే రాశారు. తాము నమ్మినదాన్ని పరికరం ముందు పెట్టి, వచ్చిన జవాబును దాచకుండా అచ్చువేశారు. వాళ్లంటే నాకు గౌరవం కలగడానికి ఆ ఒక్క వ్యాసం చాలు.

పరికరానికి అందనిది మనిషి చేతికి అందుతుందేమో అనవచ్చు. దాన్నీ పరీక్షించారు, అదీ ఒక బడిపిల్ల. కొలరాడోకు చెందిన ఎమిలీ రోసా నాలుగో తరగతి సైన్సు ప్రాజెక్టు కోసం థెరప్యూటిక్ టచ్ సాధకులను బల్లముందు కూర్చోబెట్టింది. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి, దాని కిందుగా వాళ్ల రెండు చేతులూ ఇవతలికి చాపించింది. నాణెం ఎగరేసి, బొమ్మో బొరుసో చూసి, ఎడమ అరచేతి మీదో కుడి అరచేతి మీదో తన చెయ్యి కొన్ని అంగుళాల ఎత్తున పట్టింది. ఏ చేతి దగ్గర తన శక్తిక్షేత్రం తగులుతోందో చెప్పమంది. 21 మంది సాధకులు, 280 సార్లు. ఒప్పు చెప్పినవి 123, అంటే 44 శాతం. కళ్లు మూసుకుని ఊరికే అన్నా సగం ఒప్పవుతాయి. 1998 ఏప్రిల్‌లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఈ వ్యాసం వచ్చేనాటికి ఆ పిల్ల వయసు 11. ఒక అట్టముక్క, ఒక నాణెం. ఏ నర్సింగ్ హాస్టల్లోనైనా ఒక ఆదివారం మధ్యాహ్నం చేసి చూడగల ప్రయోగం.

ఇలా కళ్లకు అడ్డుపెట్టి పరీక్షించే పద్ధతి పుట్టిందే ఒక శక్తి చికిత్స తగవులో. 1784లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడి శిష్యుడు దెస్లాన్, గురువు చెప్పిన జంతు అయస్కాంతశక్తితో రోగాలు కుదురుస్తానన్నాడు. ఫ్రాన్సు రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోజియే ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో దెస్లాన్ ఒక చెట్టుకు శక్తి ఎక్కించాడు. కళ్లకు గంతలు కట్టిన పన్నెండేళ్ల కుర్రాణ్ణి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. వాడు నాలుగో చెట్టు దగ్గర మూర్ఛపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కానే కాదు. మూర్ఛ అబద్ధం కాదు, నటనా కాదు. చెట్టులో మాత్రం ఏమీ లేదు. నేడు మందులకు జరిపే బ్లైండ్ ట్రయల్‌కు అక్కడే అంకురం పడింది.

మన దగ్గర కూడా కంటికి కనబడని శక్తులను ప్రయోగశాలకు తీసుకురావాలని పట్టుబట్టినవారున్నారు. ఆచార్య కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర శాఖను నెలకొల్పారు. తరువాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. అతీంద్రియ శక్తులకు ఆధారాలున్నాయని ఆయన నమ్మారు, తక్కిన శాస్త్రలోకం చాలావరకు ఒప్పుకోలేదు. ఆయన తీర్మానాలతో నేనూ ఏకీభవించను. కానీ లెక్కలు వేయాలి, ప్రయోగం చేయాలి, అచ్చులో పెట్టి వాదించాలి అన్న ఆయన పట్టుదల విశాఖ తీరాన మిగిలిన మంచి ఆనవాయితీ.

సరే, శక్తి దొరకలేదు. మరి ఆందోళన తగ్గుతోందా? తగ్గుతోంది. ఇక్కడే చాలామంది హేతువాదులు తొందరపడి పుస్తకం మూసేస్తారు.

ఆందోళనను కొలవడానికి స్పీల్‌బెర్గర్ రూపొందించిన ప్రశ్నపత్రం ఎక్కువగా వాడుతారు. ఇప్పుడు ఎలా ఉందన్నదానికి 20 ప్రశ్నలు, మామూలుగా నీ స్వభావమేమిటన్నదానికి మరో 20. ఒక్కోదానికి మార్కులు 20 నుంచి 80 దాకా. 2020లో తుర్కియేలో నర్సింగ్ విద్యార్థులను మూడు జట్లు చేసి ప్రాక్టికల్ పరీక్షకు ముందు చూశారు. ఒక జట్టుకు సంగీతం వినిపించారు, ఒక జట్టుచేత ట్యాపింగ్ చేయించారు, మూడో జట్టును ఊరికే ఉంచారు. ట్యాపింగ్ చేసినవాళ్లలో ఆందోళన తగ్గింది. సంగీతం విన్నవాళ్లలోనూ తగ్గింది. సంగీతానికి నాడుల్లో శక్తిప్రవాహాన్ని సర్దుతానన్న ప్రతిజ్ఞ ఏదీ లేదు.

దీనికంటే పదునైన ప్రయోగం 2003లో కెనడాలో వెయిట్, హోల్డర్ చేసినది. ట్యాపింగ్‌లో కనుబొమ్మ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ కింది ఎముక, చంక కింద అంటూ లెక్కగా కొన్ని బిందువులుంటాయి. ఈ ఇద్దరూ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఒక జట్టుచేత సరైన బిందువుల మీద తట్టించారు. రెండో జట్టుచేత చేతిమీద ఏ శాస్త్రంలోనూ లేని చోట్ల తట్టించారు. మూడో జట్టుచేత తమను తాము కాక ఒక బొమ్మను తట్టించారు. నాలుగో జట్టు ఏమీ చేయలేదు. మొదటి మూడు జట్లలోనూ భయం తగ్గింది, దాదాపు ఒకే మేరకు. బొమ్మను తట్టినా తగ్గిందంటే బిందువులకు ఆ ఘనత ఇవ్వలేం. ఏదో ఒక పని మీద ధ్యాస నిలపడం, భయపెట్టే విషయాన్ని పక్కన తోడు ఉండగా తలచుకోవడం, తగ్గుతుందన్న ఆశ, వీటికే ఇవ్వాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆందోళన తనంత తానే ఎక్కి దిగే గుణం కలది. మనిషి చికిత్సకు వెళ్లేది అది శిఖరాన ఉన్నప్పుడే. మర్నాటికి ఏమీ చేయకపోయినా కొంత దిగుతుంది. పోల్చడానికి మరో జట్టు లేని పరిశీలనల్లో ఈ దిగుడంతా చికిత్స ఖాతాలో పడిపోతుంది. విద్యార్థులమీద జరిగిన శక్తి చికిత్సల పరిశోధనల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే: కొద్దిమంది, కొద్ది రోజులు, ఎవరికేం చేశారో అందరికీ తెలుసు. అందుకే వైద్య పరిశోధనలను వడపోసి తేల్చే కాక్రేన్ సంస్థ 2015లో ఆందోళన, కుంగుబాటులకు రేకీ ఎంతవరకు పనిచేస్తుందో తేల్చబోతే లెక్కలోకి తీసుకోదగ్గ పరిశోధనలు మూడే దొరికాయి. వాటిలో పాల్గొన్నవాళ్లూ కొద్దిమందే. వాటినిబట్టి అవుననీ కాదనీ చెప్పలేమన్నారు. థెరప్యూటిక్ టచ్ విషయంలో ఆందోళన రుగ్మతలమీద తగిన పరిశోధన ఒక్కటీ దొరకలేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం. శక్తిని పక్కనబెడితే మిగిలేవి స్పర్శ, ఊపిరి, తోడు, నమ్మకం. వీటిలో ప్రతిదానికీ శరీరంలో ఒక దారి ఉంది.

స్పర్శ తీసుకోండి. ముంజేయి మీద, వీపు మీద వెంట్రుకలుండే చర్మంలో సి-టాక్టైల్ అనే సన్నని నరపు పోగులుంటాయి. గుచ్చుకోవడం, కాలడం వాటి పని కాదు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. సుమారుగా తల్లి బిడ్డను నిమిరే వేగమది. ఆ కబురు మెదడులో భావోద్వేగాలు చూసుకునే ఇన్సులా వైపు వెళ్తుంది. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ కోన్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో 16 మంది వివాహిత స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న షాక్ తగలవచ్చని చెప్పి మెదడును గమనించాడు. ఎవరూ చెయ్యి పట్టుకోనప్పుడు ప్రమాదానికి స్పందించే భాగాలు ఎక్కువగా వెలిగాయి. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుంటే కొంత తగ్గాయి. భర్త పట్టుకుంటే ఇంకా తగ్గాయి. వైవా గది బయట స్నేహితురాలు పట్టుకునే చెయ్యి చేస్తున్న పని ఇదే. దానికి రుసుము లేదు. ఇందులో ఒక మెలకువ కావాలి: అవతలివారి ఇష్టం లేని స్పర్శ దడను తగ్గించదు, పెంచుతుంది. చికిత్స పేరుతో ఒంటిమీద చేతులు వేసేవాళ్లను వద్దనే హక్కు ప్రతి ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ ఉంది.

ఊపిరి దారి ఇంకా సూటిగా ఉంటుంది. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెకు పగ్గం వేస్తుంది. కనుక వదలడం పొడుగైతే పగ్గం ఎక్కువసేపు పడుతుంది. నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా ఊపిరి తీసినప్పుడు ఊపిరి లయ, రక్తపోటు సర్దుబాటు లయ ఒకదానితో ఒకటి కలుస్తాయి. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి 23 మంది ఆరోగ్యవంతులచేత ఒకసారి లాటిన్‌లో మేరీమాత జపమాల, మరోసారి 'ఓం మణిపద్మే' మంత్రం చెప్పించాడు. రెండింటిలోనూ ఊపిరి ఇంచుమించు నిమిషానికి ఆరుకే దిగింది. రెండు మతాల జపాలు ఒకే లయ దగ్గర కలిశాయి. స్టాన్‌ఫర్డ్‌లో 2023లో జరిగిన ప్రయోగంలో నూరుమందికి పైగా మనుషులు నెలరోజులు రోజుకు 5 నిమిషాల చొప్పున నాలుగు పద్ధతుల్లో ఒకదాన్ని సాధన చేశారు. నాలుగింటిలోనూ ఆందోళన తగ్గింది. మనసు ఉల్లాసంగా ఉండటంలో ముందు నిలిచింది పొడుగు నిట్టూర్పు పద్ధతి: ముక్కుతో నిండా పీల్చి, దానిపైన ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో మెల్లగా చివరిదాకా వదలడం.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా హాస్టళ్లలో జరుగుతుంటుంది. పరీక్ష ముందు ఉత్సాహం కోసం భస్త్రిక వంటి వేగపు ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అసలే గాబరాగా ఉన్న మనిషి ఆ తిమ్మిరిని చూసి మరింత హడలిపోతాడు. వేగపు ప్రాణాయామాలు నేర్పేవారి దగ్గర, ప్రశాంతంగా ఉన్న రోజున చేయాల్సినవి.

ఊపిరి పట్టులో ఈ ప్రాంతానికి ఒక పేరు కూడా ఉంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామ గురువుగా ఎదిగిన కోడి రామమూర్తినాయుడు ఒంటికి ఉక్కుగొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగించి తెంపేవాడు. తన బలానికి ప్రాణాయామమే మూలమనేవాడు. గొలుసు తెంచింది ఏళ్ల తరబడి కండలకు ఇచ్చిన తర్ఫీదు అని ఫిజియాలజీ చెబుతుంది. ఊపిరి బిగించినప్పుడు మొండెం కండరాలు గట్టిపడి ఆ బలానికి దన్ను దొరుకుతుందనీ చెబుతుంది. ఒక శతాబ్దం తరువాత 2025 జూన్ 21న యోగా దినాన విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి విజయనగరం జిల్లా భోగాపురం దాకా తీరం పొడవునా మూడు లక్షల మందికి పైగా జనం యోగాసనాలు వేశారు. ఒక్కరోజు ఉత్సవం వల్ల ఎవరి ఆందోళనా తగ్గదు గానీ, అలవాటైతే తగ్గుతుందనడానికి ఆధారముంది. ముంబైలో మాలతి, దామోదరన్ 1999లో ప్రచురించిన పరిశీలనలో 50 మంది మొదటి ఏడు వైద్య విద్యార్థులు యోగ సాధన చేశాక పరీక్షనాటి ఆందోళన తగ్గింది.

ఇక నమ్మకం. తగ్గుతుందని నమ్మితే తగ్గడం ప్లాసిబో ప్రభావం. దానికోసం అబద్ధం చెప్పక తప్పదని చాలామంది వైద్యులు కూడా అనుకునేవారు. 2019లో జర్మనీలో మిఖాయెల్ షేఫర్ బృందం పరీక్ష భయం ఉన్న విద్యార్థులకు రెండు వారాలపాటు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చింది. అవి ఉత్తుత్తివని ముందే చెప్పి ఇచ్చింది. ఏమీ తీసుకోని జట్టుతో పోలిస్తే వాళ్ల భయం తగ్గింది. 58 మందితో చేసిన చిన్న ప్రయోగమే, మరికొన్ని జరగాలి. అయినా రోగికి ఊరట ఇవ్వడానికి లేని శక్తిని ఉందని చెప్పక్కర్లేదన్న దారి అందులో కనబడుతోంది. నర్సు కాబోయే అమ్మాయి "నీ శక్తిక్షేత్రం సర్దుతాను" అనకుండానే "కాసేపు నీ పక్కన కూర్చుంటాను, నాతో కలిసి మెల్లగా ఊపిరి వదులు" అనవచ్చు. ఆ మాట నిజం, అది చేసే పనీ నిజం.

రేకీ చేయించుకుని హాయిగా నిద్రపోయానన్న పిల్లను వెక్కిరించడం క్రూరత్వం. ఆమె నిద్ర నిజమే. నాకు కోపం వచ్చేది వేరేవాటి మీద. ఒకటి, మొదటి స్థాయి, రెండో స్థాయి, మాస్టర్ అంటూ మెట్టుమెట్టుకూ రుసుము గుంజే శిక్షణలు. ఫీజు కోసం ఇంట్లో బంగారం కుదువపెట్టిన కుటుంబపు పిల్లలకు అది చిన్న మొత్తం కాదు. రెండు, ఆందోళన అనుకున్నది థైరాయిడ్ ఎక్కువై వచ్చిన దడ కావచ్చు, రక్తహీనత కావచ్చు. పరీక్ష చేయించకుండా చేతులాడిస్తూ కూర్చుంటే కాలం వృథా. మూడు, అన్నిటికంటే పెద్దది: గాబరా అంతా పిల్లల మనసులోనే ఉందన్నట్టు మాట్లాడటం. నలుగురిలో అవమానించే మాటలు, ర్యాగింగ్, తెమలని డ్యూటీలు ఎన్ని ధ్యానాలు చేసినా కరగవు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రం 1997లోనే చట్టం చేసింది. పీజీలచేత వారానికి 74 గంటలకు మించి పనిచేయించవద్దని, వారానికి ఒక సెలవు ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ కార్యదళమే సిఫార్సు చేసింది. కళాశాలలు ధ్యానం గది తెరిచి ఊరుకోకూడదు, ఈ సిఫార్సును కూడా గోడమీద అంటించాలి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, చదివింది తలకెక్కకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఊపిరి సాధనతో ఆగకూడదు. బోధనాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అదే ఆసుపత్రిలో చదువుతూ అక్కడికి వెళ్లడానికి నామోషీ పడతారని తెలుసు. అలాంటివాళ్లకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ-మానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, అవసరమైనవారికి మందులకు, ఆందోళన రుగ్మతల్లో దశాబ్దాల ఆధారం ఉంది.

ఒక చిన్న ఆలోచన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థుల ముందు పెడుతున్నాను. ఎం.బి.బి.ఎస్. చదువుతుండగానే పరిశోధన చేయడానికి భారత వైద్య పరిశోధన మండలి స్వల్పకాలిక విద్యార్థి ఉపకార వేతనాలు ఇస్తోంది. రాగోలులోనో నెల్లిమర్లలోనో ఒకరు ఈ విషయాన్నే తీసుకోవచ్చు. నైతిక కమిటీ అనుమతి తీసుకుని, ఇంటర్నల్స్‌కు మూడు వారాల ముందు ఇష్టపడ్డవాళ్లను చీట్లు వేసి నాలుగు జట్లు చేయాలి. ఒక జట్టు సరైన బిందువుల మీద తట్టుకోవాలి, ఒకటి మోచేతి మీద తట్టుకోవాలి, ఒకటి పొడుగు నిట్టూర్పు సాధన చేయాలి, ఒకటి మామూలుగా ఉండాలి. మొదటి రెండు జట్లకూ నేర్పే మనిషి ఒకే ఓపికతో, ఒకే సమయం వెచ్చించి నేర్పాలి. స్పీల్‌బెర్గర్ ప్రశ్నలతో పాటు వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి నాడి కూడా రాసుకోవాలి. మార్కులు కూడేవాళ్లకు ఎవరు ఏ జట్టో తెలియకూడదు. తట్టడం గెలిచినా, నిట్టూర్పు గెలిచినా, ఏదీ గెలవకపోయినా ఫలితం ప్రచురించాలి. ఏమీ చేయకుండా ఉండి పరీక్షల మధ్య ఓపికగా కాగితాలు నింపిన నాలుగో జట్టుకు, ఏది పనిచేసిందని తేలితే దాన్ని, ఆ తరువాతి ఇంటర్నల్స్‌కు ముందే నేర్పాలి.